లారీ లైన్ మీద ఉన్నప్పుడు బ్యాంకు పనులు: బయల్దేరే ముందు, దారిలో, ఇరుక్కున్నప్పుడు

నేషనల్ పర్మిట్ బండెక్కితే ఇల్లు చేరేసరికి నెలో, నెలన్నరో. ఈలోగా టోలు ఆగదు, డీజిలు ఆగదు, హమాలీ కూలి ఆగదు, ఇంటి ఖర్చు ఆగదు, ఫైనాన్సు కిస్తీ అసలే ఆగదు. ఖాతాలో డబ్బు లేక దారిలో నిలబడిపోవడం ఒక రకం. డబ్బుండీ చేతికి రాక నిలబడిపోవడం రెండో రకం, నిజానికి లైన్ మీద ఎక్కువగా కనిపించేది ఇదే. సిమ్ము పోతుంది, ఓటీపీ రాదు, ఖాతా ఫ్రీజ్ అవుతుంది, వేలిముద్ర పడదు. సొంత ఊళ్లో అయితే బ్రాంచికి వెళ్లి పూటలో తేల్చుకునే పనులే ఇవి. నాగపూర్ దాటాక ఒక్కోటీ రెండు మూడు రోజులు తింటుంది.

అందుకే సగం పని బండి కదలకముందే ఇంటి దగ్గర అయిపోవాలి. ఇది ముఖ్యంగా జీతం మీద బండి నడిపేవాళ్ల కోసం, ఒకటి రెండు బండ్లున్న ఓనర్ కమ్ డ్రైవర్ల కోసం. టూరిస్టు బస్సులు, ట్యాక్సీలు నడిపేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

మొదట సిమ్ము

బ్యాంకు పని మొత్తం ఇప్పుడు ఒక్క సిమ్ము మీద నిలబడి ఉంది. యూపీఐ ఆ సిమ్ముతోనే ఫోనుకు ముడిపడుతుంది, ఓటీపీ దానికే వస్తుంది, పాస్‌వర్డు మర్చిపోతే మార్చుకునేదీ దానితోనే. కాబట్టి ఖాతాకు ఇచ్చిన నంబరు మీ పేరు మీదే ఉండాలి. ఓనరు తీసిచ్చిన సిమ్ము, బావమరిది పేరు మీదున్న సిమ్ము పనికిరావు. పోయిన రోజున డూప్లికేటు సిమ్ము ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే ఇస్తారు.

అదే నంబరు ఆధార్‌కు కూడా జత అయి ఉందో లేదో చూసుకోండి. చాలామందికి ఆధార్‌లో ఎప్పుడో పారేసిన పాత నంబరు ఉంటుంది. మార్చాలంటే మామూలుగా ఆధార్ కేంద్రానికి మనిషి స్వయంగా వెళ్లాలి, అది దారిలో సులువుగా కుదిరే పని కాదు.

ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆపేసి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఆ కొత్త మనిషికి మీ బ్యాంకు మెసేజీలు పోతుంటాయి. రీఛార్జి గడువు ట్రిప్పు మధ్యలో అయిపోకుండా, బయల్దేరే రోజే పెద్ద ప్లాన్ వేయించుకోవడం మంచిది. యూపీఐ కొత్తగా రిజిస్టరు చేసుకునేటప్పుడు ఫోను నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి పోవాలి. ఎస్సెమ్మెస్ లేని ప్లాన్ అయితే అక్కడే ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో యాప్ సరిగా చెప్పదు.

యాపిల్ లోడుకు కశ్మీరు వెళ్లేవాళ్లు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూకశ్మీరులో, లద్దాఖ్‌లో పనిచేయవు. లఖన్‌పూర్ దాటగానే మీ ఆంధ్రా నంబరు మూగబోతుంది. ఓటీపీ రాదు, ఓనరుకు ఫోను పోదు. పోస్టుపెయిడ్ అయితే పనిచేస్తుంది. ఆ లైన్‌లో తరచుగా తిరిగేవాళ్లు బ్యాంకు నంబరును పోస్టుపెయిడ్‌కు మార్చుకోవాలి. ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లు పఠాన్‌కోట్‌లోనే నగదు తీసుకుని, ఫాస్టాగ్ నింపుకుని ముందుకు పోవాలి.

రెండు బ్యాంకులు, రెండు నంబర్లు, రెండు ఫోన్లు

స్మార్టుఫోను ఒక్కటే ఉండి, అందులోనే అన్ని ఖాతాలూ ఉంటే, అది దాబా మంచం మీద పోయిన రోజు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. వెయ్యి రూపాయల పైచిలుకుకు దొరికే కీప్యాడ్ ఫోనులో రెండో సిమ్ము వేసి, దాన్ని రెండో బ్యాంకు ఖాతాకు రిజిస్టరు చేయించండి. ఆ ఫోనులో *99# కొడితే ఇంటర్నెట్ లేకుండానే బ్యాలెన్సు చూడవచ్చు, ఒక్కో విడతకు 5,000 రూపాయల వరకు పంపవచ్చు. కొన్ని నెట్‌వర్కుల్లో *99# పలకదు. అందుకని ఇంట్లో ఉండగానే యూపీఐ పిన్ పెట్టుకుని, ఎవరికైనా ఒక రూపాయి పంపి చూసుకోవాలి. పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు వివరాలు అడుగుతుంది, కార్డు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

రెండు ఖాతాలు రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఉండాలి. ఒకే బ్యాంకులో రెండుంటే సర్వరు పడిపోయినప్పుడు రెండూ పడిపోతాయి. అర్ధరాత్రి దాటాక బంకులో డీజిలు కొట్టించుకుని డబ్బు పోక నిలబడేది ఇలాంటప్పుడే.

ఇక ఏది దేనికి? ఒకటి దారి ఖాతా, ఇంకొకటి ఇంటి ఖాతా. ట్రిప్పు అడ్వాన్సు, బత్తా, దారి ఖర్చు అంతా దారి ఖాతాలోకి. జీతం, మిగులు, ఇంటి ఖర్చు ఇంటి ఖాతాలోకి. ఫోన్‌పే అయినా గూగుల్‌పే అయినా, ఎక్కడ పడితే అక్కడ స్కాన్ చేసే యాప్‌లో దారి ఖాతా మాత్రమే ఉంచండి. దానికి ఏమైనా అయితే పోయేది ఆ ట్రిప్పు డబ్బే. ఓనరు డబ్బూ మీ జీతమూ ఒకే ఖాతాలో కలిస్తే ట్రిప్పు షీటు లెక్క తేలదు, గొడవ వస్తే రుజువూ ఉండదు.

ఇంటి ఖాతాను భార్యతోనో, తల్లితోనో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా తెరవండి. ఆసుపత్రి ఖర్చు వచ్చి పడినప్పుడు ఆమె మీ ఓటీపీ కోసం ఎదురు చూడనక్కర్లేదు. ఇలాంటి ఖాతాల్లో రెండో మనిషికి విడిగా ఏటీఎం కార్డు ఇస్తారు, చాలా బ్యాంకులు ఆమె నంబరు మీద యూపీఐ కూడా ఇస్తాయి. పిన్ ఫోనులో చెప్పుకునే అలవాటు అక్కడితో పోతుంది.

కనీస నిల్వ విషయంలో, ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో చాలావరకు మామూలు పొదుపు ఖాతాకు జరిమానా తీసేశాయి. ప్రైవేటు బ్యాంకులో అయితే అడిగి తెలుసుకోండి. జీరో బ్యాలెన్సు కావాలంటే బేసిక్ సేవింగ్స్ ఖాతా అని అడగాలి. దానికి కార్డు ఉచితమే.

పాత పాస్‌బుక్కు చూసి ఐఎఫ్ఎస్సీ కోడ్ చెప్పడం ఒక సమస్య. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒక్కటయ్యాయి. ఈ ఖాతాలున్నవాళ్లు కొత్త పాస్‌బుక్కు రాయించుకుని, దాని మొదటి పేజీ ఫొటోనే ఓనరుకూ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకూ పంపాలి. కొత్త బ్యాంకు పేరుతో యూపీఐ పనిచేస్తోందో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోవాలి.

యూపీఐ పరిమితులు గుర్తుంచుకోండి

మామూలుగా రోజుకు లక్ష రూపాయల వరకు పంపవచ్చు. బ్యాంకు తన సొంత పరిమితి ఇంకా తక్కువ పెట్టుకోవచ్చు, చిన్న బ్యాంకుల్లో తరచుగా అలాగే ఉంటుంది. మనుషులకు పంపేవి రోజుకు 20 దాటనివ్వరు. కొత్త ఫోనులో యాప్ పెట్టుకున్న మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు 5,000 దాటనివ్వవు. లోడింగుకు వెళ్తూ కొత్త ఫోను కొంటే హమాలీల దగ్గర ఇరుక్కుంటారు. ఫోను మార్చాలంటే ఇంటి దగ్గర ఉన్న రోజుల్లోనే మార్చండి.

టీ, టిఫిను, గాలి, పార్కింగు లాంటి చిన్న చెల్లింపులకు యూపీఐ లైట్ బాగుంటుంది. అందులో గరిష్ఠంగా 5,000 ఉంచుకోవచ్చు, ఒక్కోసారి 1,000 వరకు పిన్ లేకుండా పోతుంది. పిన్ అక్కర్లేదంటే ఫోను తెరవగలిగినవాడెవడైనా ఖర్చు చేయగలడని అర్థం. 2,000 మించి ఉంచవద్దన్నది మా సలహా, ఫోనుకు స్క్రీన్ లాక్ తప్పనిసరి.

డబ్బు కట్ అయింది, బంకువాడికి చేరలేదు. అప్పుడు వెంటనే రెండోసారి కొట్టకండి. యాప్‌లో పెండింగ్ అని ఉందా, ఫెయిల్డ్ అని ఉందా, సక్సెస్ అని ఉందా చూడండి. సక్సెస్ అని ఉంటే ఆ చెల్లింపుకు యాప్ చూపే 12 అంకెల యూటీఆర్ నంబరు చూపించి, వాళ్ల స్టేట్‌మెంటులో వెతకమనండి. స్పీకరు మోగనంత మాత్రాన డబ్బు రాలేదని కాదు. ఫెయిలై కూడా మీ ఖాతాలో కట్ అయితే, రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం మనిషికి పంపిన డబ్బు మరుసటి రోజుకు, దుకాణానికి పంపింది 5 రోజుల్లో వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు బ్యాంకే కట్టాలి. చిన్న దాబాలు చాలావరకు సొంత నంబరు క్యూఆర్ అంటించుకుంటాయి, అవి మనిషికి పంపినట్టే లెక్క.

ఓనరు డబ్బు ఎలా రావాలి

ట్రిప్పు అడ్వాన్సు మొత్తం డ్రైవరు ఖాతాలో వేయడం పాత పద్ధతి. ఇప్పుడు మూడు ముక్కలుగా విడదీయడం మేలు. టోలు ఫాస్టాగ్‌లోకి. డీజిలు ఫ్లీటు కార్డులోకి: ఇండియన్ ఆయిల్‌కు ఎక్స్‌ట్రాపవర్, భారత్ పెట్రోలియంకు స్మార్ట్‌ఫ్లీట్, హెచ్‌పీకి డ్రైవ్‌ట్రాక్ ప్లస్ ఉన్నాయి. కార్డు బండి నంబరు మీద ఉంటుంది, ఎంత కొట్టించారో ఓనరుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. తిండి, హమాలీ, రిపేరు ఖర్చు మాత్రం దారి ఖాతాలోకి. లక్షలు తన ఖాతాలో తిరగకపోవడం డ్రైవరుకే రక్షణ.

యూపీఐ సర్కిల్ అని ఇంకో ఏర్పాటుంది. ఓనరు తన ఖాతా నుంచే డ్రైవరు చెల్లించేలా అనుమతి ఇవ్వవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000, ఒక్కోసారి 5,000 వరకే. అడిగినప్పుడల్లా ఓనరే పిన్ కొట్టి ఒప్పుకునే రకంలో మామూలు యూపీఐ పరిమితులే వర్తిస్తాయి, కానీ అర్ధరాత్రి ఓనరు నిద్రపోతుంటే పంక్చరు షాపువాడు ఆగడు. అందుకని మొదటి రకమే నయం.

ఓనర్ కమ్ డ్రైవర్లకు కిరాయి రెండు విడతల్లో వస్తుంది: అడ్వాన్సు, ఆ తర్వాత పీఓడీ (సరుకు దించుకున్నట్టు సంతకం చేసిన కాగితం) చేరాక బాలెన్సు. పీఓడీ కాగితం పోస్టులో పంపేలోపు సంతకం, స్టాంపు, తేదీ కనిపించేలా ఫొటో తీసి ఆఫీసుకు పంపండి, బాలెన్సు కదులుతుంది. చెక్కు తీసుకుంటే మూడు నెలల్లో వేసుకోవాలి, లైన్ మీద ఉంటూ ఆ గడువు దాటించుకునేవాళ్లున్నారు. నెఫ్ట్ 24 గంటలూ పనిచేస్తుంది కాబట్టి చెక్కు ఒప్పుకోకపోవడమే మంచిది. పది లేదా అంతకన్నా తక్కువ బండ్లున్నవాళ్లు పాన్ నంబరుతో పాటు డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయరు. ఆ కాగితం జిరాక్సులు క్యాబిన్‌లో నాలుగైదు ఉంచుకోండి.

ఫాస్టాగ్

2025 నవంబర్ 15 నుంచి, ట్యాగ్ లేకపోయినా పనిచేయకపోయినా నగదు కడితే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింబావు వంతు టోలు. మల్టీ యాక్సిల్ బండికి ఒక్క గేటు దగ్గరే ఇది వందల్లో ఉంటుంది.

కార్లకు తీసేసిన కనీస నిల్వ షరతు సరుకు బండ్లకు ఉంటుంది. నిల్వ ఆ గీత కిందికి పోతే ట్యాగ్ బ్లాక్‌లిస్టులోకి వెళ్తుంది. రీఛార్జి చేసిన వెంటనే అన్ని ప్లాజాలకూ ఆ సంగతి తెలుస్తుందన్న నమ్మకం లేదు, రాష్ట్ర రహదారుల మీద మరీనూ. కాబట్టి గేటు కనిపించాక కాదు, గంట ముందే నింపండి. ఏ యూపీఐ యాప్‌లోనైనా ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును ఎంచుకుని బండి నంబరు కొడితే చాలు. ఇంట్లో ఉన్నవాళ్లయినా, ఓనరయినా ఎక్కడి నుంచైనా నింపగలరు. నిల్వ ఇంతకు తగ్గితే దానంతటదే నిండేలా ఆటో రీఛార్జి పెట్టుకునే వీలు కొన్ని బ్యాంకుల్లో ఉంది. పెట్టుకుంటే దాన్ని ఇంటి ఖాతాకు ముడిపెట్టకండి.

ట్యాగ్ బాగుండి, నిల్వ ఉండి, గేటు యంత్రమే చదవకపోతే టోలు కట్టనక్కర్లేదు. సున్నా రూపాయల రసీదు ఇచ్చి వదలాలని నిబంధన 2018 నుంచే ఉంది. వాదన పెరిగితే అక్కడి నుంచే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోను చేయండి. రెండుసార్లు కట్ అయిన టోలు గురించి ఫిర్యాదు మాత్రం ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకే చేయాలి. తేదీ, సమయం, ప్లాజా పేరు కావాలి కాబట్టి మెసేజీలు చెరిపేయకండి.

కార్లకు ఇచ్చే ఏడాది టోలు పాసు లారీలకు లేదు. ఇప్పిస్తామని ఎవరైనా లింకు పంపితే అది మోసం.

నగదు, ఏటీఎం

యూపీఐ ఎంత పెరిగినా మూడు నాలుగు వేలు నోట్ల రూపంలో ఉండాల్సిందే, అదీ రెండు చోట్ల. 100, 200 నోట్లే ఎక్కువ పెట్టుకోండి. ఇతర బ్యాంకుల ఏటీఎంలో ఉచితంగా తీసేది మెట్రో నగరాల్లో నెలకు 3 సార్లు, మిగతా చోట్ల 5 సార్లు. హైదరాబాదు కూడా మెట్రో లెక్కలోనే ఉంది. బ్యాలెన్సు చూసుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పరిమితి దాటితే ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన జీఎస్టీ. స్టేట్ బ్యాంకు ఏటీఎంలో ఆ బ్యాంకు కార్డుతో 10,000, ఆపైన తీస్తే ఓటీపీ అడుగుతుంది. సిగ్నల్ లేని చోట 9,500 తీసుకుంటే ఆ బాధ ఉండదు.

ఖాతాలో కట్ అయి మిషన్ నుంచి నోట్లు రాకపోతే స్లిప్పు తీసుకోండి, ఏటీఎం గోడ మీదున్న నంబరు ఫొటో తీయండి, మీ సొంత బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 5 రోజుల్లో రావాలి, దాటితే రోజుకు 100.

ఎన్నికల కోడ్ ఉన్న రాష్ట్రంలో 50,000 దాటిన నగదుకు కాగితం చూపించలేకపోతే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. ఎన్నికల కాలంలో సరుకు డబ్బు, కిరాయి డబ్బు చేత్తో మోయవద్దు. ఎప్పుడైనా సరే, ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం.

వేలిముద్రతో డబ్బు తీయడం

ఫోనూ కార్డూ రెండూ లేనప్పుడు ఆధార్ నంబరు, వేలు ఉంటే చాలు. ఉత్తరాదిలో గ్రాహక్ సేవా కేంద్ర అని బోర్డు కనిపించే చిన్న కొట్టులో, పోస్టాఫీసులో, బ్యాంకు మిత్ర దగ్గర ఇది దొరుకుతుంది. మీ బ్యాంకు వేరే అయినా ఇస్తారు. మామూలుగా ఒక విడతకు 10,000 వరకు. బ్యాంకు పేరు సరిగా చెప్పాలి, ఎందుకంటే ఆపరేటరు జాబితాలోంచి దాన్నే ఎంచుకోవాలి. పేరు మారిన గ్రామీణ బ్యాంకుల దగ్గర ఇక్కడే తప్పు జరుగుతుంది.

డ్రైవర్ల చేతులకు గ్రీజు, డీజిలు, స్టీరింగు రాపిడి. గీతలు అరిగి ముద్ర పడదు. సబ్బుతో కడిగి, బట్టతో తుడిచి, ఒక నిమిషం ఆగి పెట్టాలి. చర్మం మరీ ఎండిపోతే కొంచెం తడి తగిలించాలి. బొటనవేలే అని లేదు, ఆధార్‌లో పది వేళ్లూ ఉన్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు తక్కువ అరుగుతాయి, వాటితో ప్రయత్నించండి. అసలు ఏదీ పడకపోతే ఇంటికి వచ్చినప్పుడు ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోవాలి.

పడలేదు, మళ్లీ పెట్టు అని ఆపరేటరు రెండోసారి వేలు అడిగితే, మొదటిది ఫెయిలైన రసీదు చూపించమనండి. రెండుసార్లు కట్ అయి, ఒకసారి డబ్బే చేతికి రావడం ఈ పద్ధతిలో పాత మోసం. ఇందులో పిన్ ఉండదు, ఓటీపీ ఉండదు. కాబట్టి వాడని రోజుల్లో ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి ఉంచవచ్చు. కానీ ఫోను పోయిన రోజు ఆ లాక్ తీయలేరు. ఈ దారిని అత్యవసరానికి దాచుకునేవాళ్లు లాక్ చేయకుండా, దారి ఖాతాలో తక్కువ డబ్బు ఉంచుకోవడం మేలు.

లైన్ మీద పడే వలలు

వాట్సాప్‌లో మెసేజీ వస్తుంది. పైన రవాణా శాఖ గుర్తు, కింద మీ బండికి చలానా పడిందని, వివరాలకు ఈ ఫైలు తెరవండని. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. డ్రైవరుకు చలానా అంటే నిజంగానే పడి ఉండొచ్చు కదా అనిపిస్తుంది, అదే వాళ్లకు కావాల్సింది. అది తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్సెమ్మెస్‌లు వాళ్లకు పోతాయి, ఓటీపీలతో ఖాతా ఖాళీ చేస్తారు. చలానా వివరాలు ఎప్పుడూ ఫైలుగా రావు. పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి చూసుకోవాలి. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే ఇంటర్నెట్ ఆపి, సిమ్ము తీసి కీప్యాడ్ ఫోనులో వేసి, దాంతో బ్యాంకుకు ఫోను చేయండి.

రెండోది దాబా దగ్గర జరుగుతుంది. ఒకడు వచ్చి, అన్నా ఏటీఎం పనిచేయట్లేదు, 5,000 నోట్లు ఇవ్వు, నీకు ఫోన్‌పే కొడతాను అంటాడు. కొడతాడు కూడా, మెసేజీ వస్తుంది, డబ్బు నిజమే. అది ఎవరి దగ్గరో కాజేసిన డబ్బయితే, వారం తర్వాత ఏ రాజస్థాన్ సైబర్ పోలీసుల ఫిర్యాదు మీదో మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. ఉపకారం చేయాలనిపిస్తే టీ తాగించండి, ఖాతా మాత్రం మధ్యలో పెట్టకండి. నెలకింత ఇస్తాం, నీ ఖాతా వాడుకోనివ్వు అనే బేరం ఇంకా ప్రమాదం, అందులో నిందితుడు మీరే అవుతారు.

ఫ్రీజ్ అయితే బ్యాంకును మూడు అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ పోలీసు స్టేషను, వివాదం ఎంత మొత్తం మీద. ఖాతా మొత్తం కాకుండా ఆ మొత్తం వరకే ఆపమని రాతపూర్వకంగా కోరండి. ఆ డబ్బు ఎందుకు వచ్చిందో చూపే ట్రిప్పు షీటు, బిల్టీ (సరుకు రవాణా రసీదు), చాట్ ఫొటోలు ఆ స్టేషనుకు ఈమెయిల్‌లో పంపి, నకలు బ్యాంకుకు ఇవ్వండి. కిరాయి డబ్బు తెలియని మూడో ఖాతా నుంచి వస్తే కూడా ఇదే ప్రమాదం. బ్రోకరు ఎవరి ఖాతా నుంచి వేశాడో బిల్టీ వెనకే రాసుకోండి.

ఫోను పోయిన గంటలో

క్యాబిన్‌లో ఒక కాగితం ఉండాలి, ఫోనులో కాదు. దాని మీద రెండు బ్యాంకుల టోల్‌ఫ్రీ నంబర్లు, ఖాతా నంబర్లు, కార్డుల చివరి నాలుగంకెలు, ఇంటి నంబరు, ఓనరు నంబరు. పిన్ రాయకూడదు.

1. రెండో ఫోను నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపించండి. ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి.
2. సిమ్ము కంపెనీకి చేసి సిమ్ము ఆపించండి. ఈ రెండింటి వరస మార్చవద్దు, సిమ్ము ఆగినా ఇంకో దారిలో డబ్బు పోవచ్చు.
3. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.
4. దగ్గర్లోని స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. పోయిన ఫోన్లను ఆపే ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో ఫోనును బ్లాక్ చేయడానికి అది కావాలి.
5. డూప్లికేటు సిమ్ము తీసుకోండి. వేరే రాష్ట్రంలో కొన్ని షాపులు మీ సర్కిల్‌కే వెళ్లమంటాయి, కంపెనీ సొంత స్టోరుకు వెళ్లి అడగండి. కొత్త సిమ్ము మొదలయ్యాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు పనిచేయవు, అంటే ఓటీపీలూ రావు. ఆ రోజంతా రెండో ఖాతాతోనే గడవాలి.

మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా కాకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, బ్యాంకు మెసేజీ వచ్చిన 3 పనిరోజుల్లో చెప్పినవాళ్లకు భారం సున్నా. 4 నుంచి 7 రోజులైతే మామూలు పొదుపు ఖాతాకు 10,000 వరకు భారం పడవచ్చు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే క్షణం వరకు పోయినదంతా మీదే. బ్యాంకు 30 రోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448 నంబరులో సాయం అడగవచ్చు. ఏజెంటు అక్కర్లేదు.

కిస్తీ, కేవైసీ, బీమా

ఖాతా నుంచి కిస్తీని దానంతటదే కోసే నాచ్ విధానం 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో కూడా నడుస్తోంది. రేపు సెలవు కదా, ఎల్లుండి వేద్దాం అంటే బౌన్సు అవుతుంది. బౌన్సుకు అటు బ్యాంకు, ఇటు ఫైనాన్సు కంపెనీ రెండూ ఛార్జీ వేస్తాయి. డబ్బు ముందు రోజు సాయంత్రానికే ఉండాలి. బాలెన్సు కిరాయిలు ఏ వారంలో వస్తాయో చూసి, కిస్తీ తేదీని దాని తర్వాతకు పెట్టమని అగ్రిమెంటు రోజే అడగండి, తర్వాత మార్చడం కష్టం.

కేవైసీ (మీ గుర్తింపు, చిరునామా వివరాలు బ్యాంకుకు మళ్లీ ఇవ్వడం) గడువు వచ్చినప్పుడు వివరాలు మారకపోతే రిజిస్టరైన నంబరు నుంచే స్వీయ ప్రకటన ఇవ్వవచ్చు, లేదా ఆ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా ఇవ్వవచ్చు. హోమ్ బ్రాంచికే వెళ్లమంటే ఒప్పుకోనక్కర్లేదు. ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుందని లింకుతో వచ్చే మెసేజీని మాత్రం తెరవకండి.

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల వరకు. జీవన జ్యోతి 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, చేరే వయసు 18 నుంచి 50. రెండింటికీ డబ్బు మే నెలాఖరులో కట్ అవుతుంది, రక్షణ జూన్ 1 నుంచి మే 31 వరకు. లైన్ మీద ఉన్నవాళ్లకు సరిగ్గా ఆ వారంలో ఖాతా ఖాళీగా ఉండి బీమా ఆగిపోతుంటుంది. దీన్ని ఇంటి ఖాతాకే పెట్టుకుని, మే 20కల్లా 500 అందులో ఉండేలా చూడండి. జన్‌ధన్ రూపే కార్డుకు ప్రమాద బీమా విడిగా ఉంది. దానికి ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. యూపీఐ వాడకాన్ని నమ్ముకోకుండా, రెండు నెలలకోసారి ఏటీఎంలో ఆ కార్డుతో 100 రూపాయలు తీయండి.

నామినీ పేరు రెండు ఖాతాల్లోనూ ఉందో లేదో పాస్‌బుక్కులో చూడండి. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా పెట్టవచ్చు. దారిలో ప్రమాదం జరిగితే క్లెయిముకు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక అక్కడి రాష్ట్రం నుంచే తేవాలి, అవి హిందీలోనో ఒడియాలోనో ఉంటాయి. ఏ బ్యాంకులో ఏ బీమా ఉందో రాసిన కాగితం నకలొకటి ఇంట్లో, బియ్యం డబ్బా దగ్గరో దేవుడి గూట్లోనో అందరికీ తెలిసిన చోట ఉంచండి.